పండుగ వేళ పరాయి గడ్డ మీద సైనిక బ్యాండు: సేవను తూచి చూస్తే

క్రిస్మస్, నూతన సంవత్సర దినాల్లో విదేశాల్లో మోహరించిన సేనల దగ్గరకు సైనిక వాద్యకారులను పంపి కచేరీలు చేయించడం అనేక దేశాల సైన్యాలు చాలాకాలంగా నడుపుతున్న ఒక సేవ. దీని గురించి వచ్చే రాతలు చాలావరకు దేశభక్తి వ్యాసాలుగానో, ఫొటోల కింది వ్యాఖ్యలుగానో ఉంటాయి తప్ప, ఇది ఎవరికి ఏం అందిస్తున్నది, ఎక్కడ తడబడుతున్నది అని విచారించేవి తక్కువ. పాత రేడియో రికార్డింగులు విని, ఇటీవలి కచేరీల దృశ్యాలు చూసి, వాయించినవారూ విన్నవారూ చెప్పుకున్న సంగతులు చదివిన మీదట ఆ లోటు కొంత తీర్చుదామని ఈ సమీక్షకు పూనుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సేవలో పెద్ద వేదికకు అత్తెసరు మార్కులే పడతాయి; నలుగురైదుగురు వాద్యకారులు హెలికాప్టర్‌లోనో ట్రక్కులోనో వచ్చి, ముప్పై మంది కూడా లేని కాపలా శిబిరంలో గంటసేపు వాయించి వెళ్లే చిన్న కచేరీకి మాత్రం దాదాపు పూర్తి మార్కులు వేయవలసి వస్తుంది.

పెద్ద వేదిక అనగానే బాబ్ హోప్ పేరు రాక తప్పదు. బెర్లిన్ నగరానికి విమానాల్లో సరుకులు చేరవేస్తున్న అమెరికా సిబ్బందిని అలరించడానికి 1948 డిసెంబరులో వెళ్లిన ఈ హాస్యనటుడు, తరువాత క్రిస్మస్ యాత్రలను ఆనవాయితీగా చేసుకొని, 1964 నుంచి 1972 దాకా ఏటా వియత్నాంకు వెళ్లాడు. నటీమణులూ, గాయనులూ, లెస్ బ్రౌన్ నడిపిన బ్యాండూ ఆయన వెంట ఉండేవారు. ఆ బ్యాండు సైనికులది కాదు, ఆరితేరిన పౌర కళాకారులది. వారి వాయిద్యంలో ఎంచదగిన లోపం నాకు కనిపించలేదు. అయితే అంత పరివారమూ అంత సామగ్రీ దిగాలంటే పెద్ద స్థావరం కావాలి, వేల మంది కూర్చునే మైదానం కావాలి. అడవి అంచున ఫిరంగి శిబిరంలో ఉన్న సైనికుడికి ఆ రోజు సెలవు దొరికి, వాహనం దొరికి, కూర్చునేందుకు చోటు దొరికితేనే ఆ ప్రదర్శన అందేది. పైగా అక్కడ చిత్రీకరించినదాన్ని కూర్చి స్వదేశంలో ఎన్‌బీసీ టెలివిజన్‌లో ప్రత్యేక కార్యక్రమంగా చూపించేవారు. ఆ విధంగా సైనికుడు తాను ప్రేక్షకుడై ఉంటూనే, ఎక్కడో ఇళ్లలో కూర్చున్న మరో ప్రేక్షకులకు దృశ్యంగా కూడా మారాడు. సేవ అందుకుంటున్నది ఎవరు అన్న ప్రశ్నకు అక్కడ సూటిగా జవాబు చెప్పడం కష్టం.

అదే యుద్ధంలో, అంత ప్రచారం లేకుండా, అమెరికా సైన్యం మరొక పని చేసింది. సైనికుల్లోనే గిటారు, డ్రమ్ములు, గాత్రం తెలిసినవారిని ఎంపిక చేసి, కొంతకాలం మామూలు విధుల నుంచి తప్పించి, చిన్న బృందాలుగా కూర్చి మారుమూల ఫిరంగి శిబిరాలకు పంపింది. ఈ ఆలోచనకు మొదటి ప్రపంచ యుద్ధంలోనే పునాది ఉంది. కెనడా మూడో డివిజన్ సైనికులు 1917లో తమలో తామే ఒక బృందం కట్టుకొని, డివిజన్ గుర్తు అయిన డంబెల్ పేరునే దానికి పెట్టుకొని, ఫ్రాన్స్‌లో తోటి సైనికులకు ఆటపాటలు ప్రదర్శించారు. ఇప్పటి అమెరికా సైనిక బ్యాండ్లు కూడా కవాతులో ఒకే మొత్తంగా నడిచినా, అవసరాన్ని బట్టి ఇత్తడి వాద్యాల ఐదుగురి జట్టుగానో, రాక్ జట్టుగానో విడిపోయి ప్రయాణించగలిగేలా ఏర్పాటై ఉంటాయి. ఖతార్‌లోని అల్ ఉదైద్ స్థావరం కేంద్రంగా అమెరికా వైమానిక దళ వాద్యకారులు విడతలవారీగా వచ్చి, చుట్టుపక్కల దేశాల్లోని శిబిరాలకు తిరిగిన పద్ధతి కూడా ఈ కోవలోనిదే.

చిన్న జట్టు వచ్చినప్పుడు వేదిక ఉండదు, తెర ఉండదు. జనరేటర్ రొద పాటకు నిరంతర శ్రుతిలా వెనకాల సాగుతూనే ఉంటుంది. వినేవాడికీ వాయించేవాడికీ మధ్య మూడు అడుగుల దూరమే కనుక, ఏ పాట కావాలో కేకవేసి అడగవచ్చు; రాని పాట అడిగితే రాదని నవ్వుతూ చెప్పించుకోవచ్చు. రెండు పాటలయ్యాక ప్రేక్షకుల్లో ఒకడు డ్రమ్ముల కర్రలు అడిగి తీసుకుంటాడు, ఇంకొకడు సెలవులో ఇంటికి పోయినప్పుడు వదిలేసి వచ్చిన గిటారు సంగతి ఎత్తుతాడు. నేను చూసిన దృశ్యాల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఇటువంటి ఘట్టాలే. వాటిలో సంగీతం కొంత పాడై ఉండవచ్చు గాని, సేవ చెక్కుచెదరలేదు.

సైనిక వాద్యకారుడికి వాద్యం ఒక్కటే ఉద్యోగం అనుకోవడం పొరపాటు. అమెరికా మెరీన్ దళం బ్యాండ్లకు యుద్ధ సమయంలో నాయకత్వ శిబిరానికి కాపలా కాసే బాధ్యత కూడా ఉంటుంది. 1982లో ఫాక్‌ల్యాండ్స్ యుద్ధానికి కాన్‌బెర్రా ఓడలో బయలుదేరిన బ్రిటన్ రాయల్ మెరీన్స్ వాద్యకారులు ప్రయాణంలో సైనికులకు సంగీతం వినిపించి, పోరు మొదలయ్యాక గాయపడినవారి స్ట్రెచర్లు మోశారు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌లో మునిగిన అరిజోనా నౌక బ్యాండులో 21 మంది ఉంటే 21 మందీ మరణించారు. దాడి వేళ వారి చోటు ఫిరంగులకు మందుగుండు అందించే దగ్గర. సేవ నాణ్యతకూ దీనికీ ఏమిటి సంబంధం అని అడిగేవారికి నా సమాధానం ఇది. బయటినుంచి వచ్చిన కళాకారుడు, ఎంత మంచి మనసుతో వచ్చినా, మీ త్యాగానికి కృతజ్ఞతలు అని ఒక మాట చెప్పవలసి వస్తుంది; ఆ మాటతో ఎదుట కూర్చున్నవారు కాస్త బిగుసుకుంటారు. తమలాగే సెలవు దొరకక, తమలాగే యూనిఫాం వేసుకొని, తమ వరుసలోనే కంచం పట్టుకొని నిలబడిన వాద్యకారుడు ఆ మాట చెప్పనవసరం లేదు. నేరుగా పాట మొదలుపెడతాడు.

ఈ విషయంలో గ్లెన్ మిల్లర్ కథను పక్కన పెట్టడం సాధ్యం కాదు. అమెరికాలో అత్యంత జనాదరణ ఉన్న డాన్స్ బ్యాండును వదిలిపెట్టి 1942లో, 38 ఏళ్ల వయసులో, సైన్యంలో చేరిన మిల్లర్, 1944లో తన సైనిక బ్యాండును ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. ఆ డిసెంబరులో పారిస్‌కు మారి అక్కడి సేనలకు వాయించాలని నిర్ణయమైంది. బ్యాండు ఇంగ్లండులో లేని రోజుల్లో రేడియో కార్యక్రమాలు ఆగిపోకుండా, బయలుదేరే ముందే వాద్యకారులు వరుసగా కార్యక్రమాలు రికార్డు చేసి పెట్టారు. సమీక్షకుడిగా నేను మొదటి మార్కు వేసేది ఈ ముందుచూపుకే. ఏర్పాట్లు చూడడానికి డిసెంబరు 15న ఇంగ్లిష్ చానల్ మీదుగా చిన్న విమానంలో ముందుగా బయలుదేరిన మిల్లర్ ఎప్పటికీ పారిస్ చేరలేదు. ఆయన కనిపించడం లేదన్న వార్తను క్రిస్మస్‌కు ముందు రోజు, డిసెంబరు 24న, ప్రకటించారు. అప్పటికే పారిస్ చేరిన బ్యాండు, నాయకుడు లేకుండానే, జెరీ గ్రే, రే మెకిన్లీల ఆధ్వర్యంలో కార్యక్రమాలు కొనసాగించింది. ఆ బ్యాండు రికార్డింగుల్లో నాకు వినిపించే గుణం క్రమశిక్షణ. సాక్సోఫోన్ల వరుసకు ముందు నిలబడి నడిపించిన క్లారినెట్ అంత నున్నగా సాగడం వెనక ఎన్ని గంటల సాధన ఉందో ఊహించవచ్చు.

నాదం నాణ్యత సంగతికి వస్తే, ఆరుబయట జరిగే పండుగ కచేరీని గదిలో చేసిన రికార్డింగుతో పోల్చడం న్యాయం కాదు. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, 0 డిగ్రీల దగ్గర సుమారు 331 మీటర్లు. ఊదే వాద్యం శ్రుతి దాని గొట్టంలోని గాలి మీద ఆధారపడుతుంది కనుక, ఊపిరి వేడిని లెక్కలోకి తీసుకోకపోతే, ఈ తేడా ఒక్కటే రెండు పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో సగానికి పైగా శ్రుతిని దించేస్తుంది. ఎడారి మధ్యాహ్నం పరిస్థితి తలకిందులవుతుంది: ట్రంపెట్, సాక్సోఫోన్ల శ్రుతి పైకి ఎగబాకుతుంది, ఎండకు సాగిన గిటారు తీగల శ్రుతి కిందికి జారుతుంది, మధ్యలో ఎలక్ట్రానిక్ కీబోర్డు మాత్రం ఎటూ కదలదు. కదలనిదాన్ని ఆధారం చేసుకొని మిగతావారందరూ పాట పాటకూ సర్దుకోవలసిందే. చలి ముదిరితే వేరే చిక్కులు వస్తాయి. ట్రంపెట్ లోపల ఊపిరి తేమ గడ్డకట్టి మీటలు కదలవు. లోహపు మౌత్‌పీస్ పెదవికి అంటుకుంటుంది కనుక ప్లాస్టిక్‌ది వాడతారు. చెక్క క్లారినెట్ లోపల ఊపిరితో వేడెక్కి, బయట చల్లబడి పగిలే ప్రమాదం ఉన్నందున, ఇటువంటి చోట్లకు ప్లాస్టిక్ క్లారినెట్ నయం. దాని నాదంలో చెక్క వాద్యపు నిండుదనం ఉండదని ఫిర్యాదు చేసేవారు ఉంటే, వారిని ఒకసారి మంచులో నిలబెట్టి విననివ్వాలని నాకు అనిపిస్తుంది.

సామగ్రి ప్రస్తావన వచ్చింది కనుక ఒక పియానో గురించి చెప్పకుండా ఉండలేను. రెండో ప్రపంచ యుద్ధంలో స్టైన్‌వే సంస్థ అమెరికా సేనల కోసం సుమారు 2,400 చిన్న నిలువు పియానోలు తయారుచేసింది. సైనిక వాహనాల ఆకుపచ్చ రంగులో కూడా వీటిని చేశారు. ముందు కాళ్లు రవాణాలో విరుగుతాయని వాటిని అసలు పెట్టలేదు. తేమకు ఊడని జిగురు వాడారు. నలుగురు మనుషులు ఎత్తగలిగేలా బరువు తగ్గించారు. శ్రుతి చేసుకునే పనిముట్లు పెట్టెలోనే పెట్టి పంపారు. కొన్నింటిని పారాషూట్లతో కిందికి దించారు కూడా. వాడేవాడు ఎక్కడ ఉంటాడో ముందే ఊహించి చేసిన వస్తువు అంటే ఇది. బ్యాండు పోలేని చోటికి సంగీతం చేర్చేందుకు 1943 నుంచి 1949 వరకు తయారైన వీ డిస్కులు కూడా ఇటువంటివే. 12 అంగుళాల ఆ రికార్డుల ఒక్కో పక్క ఆరు నిమిషాలకు పైగా పాడేది.

ఇక పాటల ఎంపిక. నిర్వాహకులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే అని నా అభిప్రాయం. మనోబలం పెంచాలన్న మాటను అక్షరాలా పట్టుకొని, హుషారు పాటల తరువాత హుషారు పాటలు పేర్చి, దిగులు కలిగించే వాటిని జాబితా నుంచి తీసేస్తారు. 1942లో విడుదలైన ‘వైట్ క్రిస్మస్’ పాట కోసం సైనిక రేడియోకు వెల్లువలా కోరికలు వచ్చాయి. సేనల ముందు ఆ పాట పాడిన బింగ్ క్రాస్బీ, అది విన్నవారికి ఇంటి మీద బెంగ కలుగుతున్నదని, అంత దూరం వచ్చింది వారిని బాధపెట్టడానికి కాదు కదా అని సంకోచించి, దాన్ని తప్పించాలని పలుమార్లు చూశాడు. సైనికులు అరిచి మరీ పాడించుకున్నారు. తమకు ఏం కావాలో వారికి తెలుసు. బెంగ ఎలాగూ ఉంది. దాన్ని నలుగురి మధ్య కూర్చొని మూడు నిమిషాలు బయటికి రానివ్వడానికి ఆ పాట ఒక సాకు. పండుగ కచేరీలో ఇటువంటి పాటలు కనీసం రెండు ఉండాలి. అవి చివర్లో రాకూడదు. వాటి తరువాత గొంతు సవరించుకొని కలిసి పాడుకునే పాట ఒకటి మిగిలి ఉండాలి.

మార్కులు తగ్గించవలసిన చోట్లు ఇంకా ఉన్నాయి. కచేరీ సమయాన్ని పై అధికారుల పర్యటనకు ముడిపెట్టడం వల్ల వాద్యకారులు గంటల తరబడి వేచి ఉండడం, చివరికి ప్రసంగాలు పోగా పాటలకు సగం సమయమే మిగలడం ఒకటి. హాజరు తప్పనిసరి అని ఆదేశించడం మరొకటి. విశ్రాంతి గంట పోగొట్టుకొని వచ్చినవాడు కొట్టే చప్పట్లకు విలువ లేదు. శిబిరంలో అనేక మతాలవారు ఉన్నప్పుడు కార్యక్రమం మొత్తాన్ని ఒకే మతపు భక్తి గీతాలతో నింపడం కూడా పొరపాటే, అయితే దాన్ని సవరించడం సులభం. వాద్యకారులు వరుసగా పండుగలన్నీ తమ ఇళ్లకు దూరంగానే గడపకుండా వంతులు వేసే శ్రద్ధ కూడా నిర్వాహకులకు ఉండాలి.

నాకు ఒక్క మార్పు అడిగే అవకాశం ఇస్తే, రెండో కచేరీ అడుగుతాను. పండుగ రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యే కార్యక్రమం ఆ సమయంలో కాపలా బురుజు మీద, రాడార్ గదిలో, ఆసుపత్రి డేరాలో ఉన్నవారికి అందదు. వారు విధుల నుంచి దిగేసరికి తెల్లవారుజాము అవుతుంది, అప్పటికి తీగలన్నీ చుట్టి పెట్టెల్లో సర్దేసి ఉంటారు. బృందం మొత్తం మేలుకొని ఉండనవసరం లేదు. ఒక గిటారు, ఒక సాక్సోఫోన్, ఆంప్లిఫయర్ లేకుండా, భోజనశాలలో టీ పాత్ర పక్కన ఇరవై నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది.