స్థిర ఫీజా, ఆదాయంలో వాటానా: ప్రైవేట్ ఎఫ్ఎం రెండు దశలు

మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎం రేడియోకు ప్రభుత్వం లైసెన్సులిచ్చిన మొదటి, రెండో దశలకు అసలు తేడా పాటల్లో లేదు, ప్రభుత్వానికి కట్టే డబ్బులో ఉంది.

మొదటి దశలో వేలంలో ఎంతకు పాడితే అంత ఏటా కట్టాల్సి వచ్చేది. పైగా అది ఏడాదికి 15 శాతం చొప్పున పెరిగేది. 100 రూపాయలతో మొదలైన ఫీజు ఐదేళ్లకు 200 దాటేది. ప్రకటనలు వచ్చినా రాకపోయినా లెక్క మారేది కాదు. 40 నగరాలకు 108 ఫ్రీక్వెన్సీలు వేలానికి పెడితే, నిజంగా గొంతు విప్పినవి ఇరవై పైచిలుకే. తొలి స్టేషన్ 2001 జులైలో బెంగళూరులో మొదలైంది. వేలంలో ఆవేశపడి పాడినవాళ్లలో చాలామంది డబ్బు కట్టలేక తప్పుకున్నారు.

2005 నాటి రెండో దశలో ప్రవేశ రుసుము ఒక్కసారే. తర్వాత ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం, దానికీ ఒక కనీస మొత్తం ఉండేది. ఆదాయం తగ్గిన ఏడాది ఫీజు టెన్షన్ కూడా కొంత తగ్గేది. హైదరాబాద్‌కు ప్రైవేట్ ఎఫ్ఎం హోరు వచ్చింది ఈ దశలోనే, 2006లో.

చిన్న ఊరి స్టేషన్‌కైతే నా ఓటు రెండోదానికే. కాకపోతే సొంత వార్తలు చదవడానికి రెండింటిలోనూ అనుమతి లేదు. ట్రాఫిక్ కబుర్లు, సినిమా ముచ్చట్లతోనే సరిపెట్టుకోవాలి.