అరకులో వీకెండ్ రూమ్‌కి ఫోన్లో అడ్వాన్స్ కడుతున్నారా, ముందు ఇది చదవండి

అరకు, అనంతగిరి, వంజంగి వైపు వీకెండ్‌కి కాటేజీ అనో హోమ్‌స్టే అనో ఫోన్లో మాట్లాడుకుని సగం అడ్వాన్స్ కొట్టేవాళ్ళందరికీ చెప్తున్నా, డబ్బులు తీసుకునేవాడికి ఆ కాటేజీతో అసలు సంబంధం ఉందో లేదో తేలేదాకా ఒక్క రూపాయి పంపకండి. ఫేక్ ఫోటోలు చూసుకోండి, మ్యాప్‌లో ఉందో లేదో చూసుకోండి అని అందరూ చెప్తారు, మేం అవన్నీ చూశాం. ఫోటోలు నిజమే, ప్లేస్ నిజమే, రివ్యూలు కూడా బానే ఉన్నాయి, అయినా చీకటి పడే వేళకి వెళ్ళి గేటు ముందు నిలబడితే మా పేరు మీద బుకింగే లేదు.

నా ఫ్రెండ్ మస్కట్‌లో నర్సుగా చేస్తోంది, ఇంటర్ నుంచి ఒకే హాస్టల్, ఒకే కంచం. వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు లీవ్ దొరక్క రాలేకపోయింది, ఆ తర్వాత కూడా ప్రతిసారీ ఏదో ఒక అడ్డం, చివరికి ఇన్నేళ్ళకి ఒక శని ఆదివారం మాకంటూ మిగిలింది, సోమవారం పొద్దున్నే తన ఫ్లైట్. ఇంట్లో అయితే చుట్టాలు వస్తూనే ఉంటారు, ఇద్దరం కూర్చుని మాట్లాడుకోడానికి ఉండదు, అందుకే అరకు అనుకున్నాం. నాన్నగారి గురించి తను మాట్లాడాలనుకున్నవి ఫోన్లో చెప్పుకునేవి కావు.

సోషల్ మీడియాలో ఒక పేజీ ఉంది, అరకు స్టేలు అన్నీ చూపిస్తాడు. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మేడమ్ మేడమ్ అని మాట్లాడాడు, క్యాంప్‌ఫైర్, రాత్రికి భోజనం, బొంగులో చికెన్ అన్నీ కలిపి 5,500 అన్నాడు, 3,000 అడ్వాన్స్. యూపీఐలో పేరు వేరే వస్తోందేంటండీ అని అడిగితే ఓనర్ గారి బామ్మర్ది అకౌంట్ మేడమ్ అని టక్కున చెప్పాడు. లోగో వేసి రసీదు కూడా పంపాడు. చెక్ ఇన్ మాత్రం సాయంత్రం 5 దాటాకే అని రెండు మూడు సార్లు చెప్పాడు, ఈ మాట గుర్తు పెట్టుకోండి.

శనివారం వైజాగ్‌లో పొద్దున్నే కిరండోల్ పాసింజర్ ఎక్కి బొర్రా గుహలు స్టేషన్లో దిగి, గుహలు చూసి, జీపు మాట్లాడుకుని గాలికొండ దగ్గర కాఫీ తాగి మెల్లగా వెళ్ళాం. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు అరుస్తుంటే తను కూడా వాళ్ళతో కలిసి అరిచింది, నిజంగా ఎంత సంతోషంగా ఉందో. కాటేజీ దగ్గరికి వెళ్ళేసరికి వాచ్‌మన్ మమ్మల్ని చూసి లోపలికి కూడా రానివ్వలేదు, "ఆడికి కట్టినోళ్ళు మీరొక్కరే కాదమ్మా, మధ్యాహ్నం నుంచి వస్తూనే ఉన్నారు" అన్నాడు. అతనే ఓనర్‌కి ఫోన్ కలిపి ఇచ్చాడు, ఆయన చెప్పిందేంటంటే ఈ మనిషి ఇదివరకు కమీషన్ మీద బుకింగ్‌లు తెచ్చేవాడు, లెక్కలు తేడా వచ్చి మానేశారు, వాడు మాత్రం ఫోటోలు అలాగే పెట్టుకుని అడ్వాన్సులు వసూలు చేసుకుంటున్నాడు. ఒకే గది ఎంతమందికి అమ్మాడో ఆ దేవుడికే తెలియాలి.

వాడికి ఫోన్ చేస్తే ముందు పది నిమిషాల్లో వస్తున్నా అన్నాడు. అరగంట తర్వాత, వేరే ప్రాపర్టీలో టెంట్ ఉంది మేడమ్, ఇంకో 2,500 కొట్టండి సెట్ చేసేస్తా అన్నాడు. పొలంలో టెంటు, బాత్రూమ్ బయట, ఇద్దరం ఆడవాళ్ళం, వెళ్ళలేదు. సాయంత్రం చెక్ ఇన్ ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది, ఆ టైముకి తిరిగి కొండ దిగలేం, చలి మొదలవుతుంది, ఎంతంటే అంత ఇస్తాం. తర్వాత ఫోన్ స్విచ్చాఫ్.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అరకులో శనివారం రాత్రి అప్పటికప్పుడు రూమ్ అంటే ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. లాడ్జి లాడ్జికీ తిరిగి రైల్వే స్టేషన్ వైపు ఒక గది 4,000కి దొరికింది, వేడి నీళ్ళు లేవు, దుప్పటి ఒకటే. తను పర్లేదే పర్లేదే అంటూనే ఉంది, వణికిపోతోంది. మాట్లాడుకుందాం అనుకున్న రాత్రంతా ఫోన్లతో, స్క్రీన్‌షాట్లతో అయిపోయింది. మూడు వేలు పోతే మళ్ళీ సంపాదించుకుంటాం. తను మళ్ళీ ఎప్పుడొస్తుందో తనకే తెలీదు. దూరం నుంచి వచ్చినవాళ్ళతో ఒక్క వీకెండ్‌కి వెళ్ళేవాళ్ళే వీళ్ళకి బాగా దొరుకుతారు, ఎందుకంటే మనం గొడవపడుతూ కూర్చోలేం, సోమవారం వెళ్ళిపోతాం, వాడికి అది తెలుసు.

కాబట్టి పేజీవాడు ఇచ్చిన నంబర్ కాకుండా ఆ ప్లేస్ సొంత నంబర్ మ్యాప్‌లోనో బోర్డు ఫోటోలోనో పట్టుకుని, ఫలానా తేదీకి ఫలానా పేరుతో బుకింగ్ పడిందా అని నేరుగా అడగండి, మ్యాప్‌లో నంబర్లు కూడా మార్చేసేవాళ్ళున్నారు కాబట్టి రెండు చోట్ల సరిచూసుకోండి. వెళ్ళే రోజు పొద్దున్న మళ్ళీ చెయ్యండి. యూపీఐలో ప్లేస్ పేరు కాకుండా ఎవరి పేరో వస్తే బావగారు బామ్మర్ది కథలు వినకండి. వీలైతే మధ్యాహ్నానికే చేరిపోండి, వెలుతురు ఉంటే వేరే దారి చూసుకోవచ్చు. ఇవన్నీ ఎందుకు అనుకుంటే టూరిజం డిపార్ట్‌మెంట్ హరిత రిసార్టులు అరకులోనూ అనంతగిరిలోనూ ఉన్నాయి, టైడా దగ్గర జంగిల్ బెల్స్ ఉంది, వాళ్ళ వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవచ్చు, సీజన్లో మాత్రం చాలా ముందే అయిపోతాయి.

డబ్బులు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి, మర్నాడు చూద్దాంలే అనుకోవద్దు, ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు అవతలి అకౌంట్‌లోనే ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. పేమెంట్ వివరాల్లో 12 అంకెల యూటీఆర్ నంబర్ ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి, చాట్, రసీదు, ఆ పేజీ అన్నీ వాడు తీసేసేలోపే స్క్రీన్‌షాట్ తీసుకోండి. నిజంగా ఉన్న హోటలే రూమ్ ఇవ్వకపోతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ తేలకపోతే మీరున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, అరకు దాకా తిరగక్కర్లేదు, మీరు కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

ఇంకొకటి, మేం కంప్లైంట్ ఇచ్చాక వేరే నంబర్ నుంచి ఒకడు ఫోన్ చేసి రీఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. డబ్బులు మనకి రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొడితే మన దగ్గర్నుంచి పోవడమే. మా ఫ్రెండ్ వెంటనే ఫోన్ లాక్కుని కట్ చేసేసింది.

ఆ పేజీ పేరు మార్చుకుని ఇంకా నడుస్తూనే ఉంది, అవే ఫోటోలు, డిసెంబర్ బుకింగ్స్ ఓపెన్ అని పెట్టాడు. మీ ఇంట్లో ఎవరైనా ఇలా అడ్వాన్స్ కట్టి ఉంటే ఇవాళే ఆ ప్లేస్‌కి ఫోన్ చేసి కనుక్కోమనండి.