కిడ్నీకి ఆరోగ్యశ్రీ, మూలుగకు పాలసీ: ఏది మేలు?

ఇంట్లో ఒకరికి కిడ్నీ మార్చాలని డాక్టర్ చెప్పగానే చుట్టాలంతా అడిగేది ఒకటే: ఎన్ని లక్షల కవరేజీ ఉంది? అడగవలసింది అది కాదు. ఆపరేషన్ ఒక్కరోజు పని, శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా చూసే టాక్రోలిమస్ లాంటి మందులు మాత్రం కొత్త కిడ్నీ పనిచేసినంత కాలం మింగాలి. వాటి డబ్బు ఎవరిస్తారన్నదే అసలు లెక్క.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీకి 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ప్రీమియం లేదు, పాత జబ్బన్న వంకా లేదు. మరి చిక్కెక్కడ? రద్దీలో. పంజాగుట్ట నిమ్స్‌లో పడక దొరకడానికి ఓపిక కావాలి. ఇంట్లో దాత లేకపోతే ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని జీవన్మృతుల (బ్రెయిన్‌డెడ్ అయినవారి) అవయవం కోసం ఎదురుచూడాలి. ఈ నిరీక్షణ డబ్బున్నవారికీ తప్పదు. డిశ్చార్జి తర్వాతి మందుల సంగతి ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను ముందే అడిగి తేల్చుకోండి.

ప్రైవేటు పాలసీకి గది సౌకర్యం, ఆసుపత్రిని ఎంచుకునే వీలు ఉన్నాయి. కానీ డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా తీసుకోవాలంటే, ఒకవేళ ఇచ్చినా, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టవచ్చు. దాత ఆపరేషన్ ఖర్చు ఇచ్చే పాలసీలు కూడా చాలావరకు దాతకు ముందు చేసే పరీక్షలకు ఇవ్వవు. మందుల బిల్లులు సాధారణంగా డిశ్చార్జి తర్వాత రెండు మూడు నెలల దాకానే. ఆ పైన మన జేబే. అందుకే కిడ్నీ విషయంలో నా ఓటు ఆరోగ్యశ్రీకి.

ఎముక మూలుగ మార్పిడికి వచ్చేసరికి తూకం మారుతుంది. ఇక్కడ ఖర్చంతా ముందే మీద పడుతుంది: వారాల తరబడి విడి గది, ఇన్‌ఫెక్షన్ల మందులు, ప్లేట్‌లెట్లు. ఇతరుల మూలుగ ఎక్కించినా, అది శరీరం మీద తిరగబడకుంటే, రోగనిరోధకతను అణిచే మందులు కొన్ని నెలల్లో ఆగిపోవచ్చు. తోబుట్టువు మూలుగ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. సగం సరిపోయిన దాతతో చేస్తే బిల్లు ఇంకా పెరగవచ్చు. కాబట్టి పెద్ద మొత్తానికి ఎప్పుడో తీసుకున్న పాత పాలసీ ఉంటే దాన్నే ముందు వాడాలి. లేనివారు ఆరోగ్యశ్రీకి తోడు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌వోసీకి (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రానికి) దరఖాస్తు చేయాలి, అదీ చికిత్స మొదలుకాకముందే. తలసేమియా పిల్లలకైతే కోల్ ఇండియా పథకం ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 10 లక్షల దాకా ఇస్తుంది.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని పాత పాలసీ ప్రీమియం కట్టడం మానేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. గడువు దాటనివ్వకండి, జబ్బు బయటపడ్డాక అలాంటిది మళ్లీ దొరకదు.