ఆన్‌లైన్ ట్రిగ్గర్ స్ప్రింగు: ఒక్క స్టారూ ఎక్కువే

అమలాపురం దగ్గర మా కొబ్బరి షెడ్డులో పది మీటర్లు కొలిచి, కొబ్బరి డొక్కల గుట్ట ముందు టార్గెట్ పెట్టి మా పాప ఎయిర్ పిస్టల్ ప్రాక్టీసు చేస్తుంది. ట్రిగ్గర్ గట్టిగా ఉందంటే 1,850 రూపాయలు పెట్టి ఈ స్ప్రింగు తెప్పించాను. ఇది పిస్టల్ తయారుచేసిన కంపెనీది కాదు. పాకెట్టు మీద "అన్ని మోడళ్లకూ" అని ఉంది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

రెండు రోజులు వెన్నలా ఉంది. మూడో రోజు పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టి లివర్ మూస్తుంటే, ట్రిగ్గర్ మీద వేలు లేకుండానే పేలింది. గొట్టం టార్గెట్ వైపే ఉంది కాబట్టి డొక్కల గుట్టలో దిగింది. నాకు చేతులు వణికాయి, పాపేమో నవ్వుతోంది!

పోటీల్లో ఈ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును పేలకుండా ఆపాలి. పెల్లెట్ లేకుండా పిస్టల్ నిలువుగా పట్టి, కిరాణా కొట్టు అరకిలో రాయిని తాడుతో ట్రిగ్గర్‌కి కట్టి లేపాను. రాయి నేల విడవకముందే టక్కుమంది. స్ప్రింగు మరీ మెత్తనైతే లోపలి కొక్కెం సరిగా పట్టుకోదని, చిన్న కుదుపుకే జారుతుందని కోచ్ గారు చెప్పారు. "మరలు మీరు తిప్పకండి బాబూ" అని కూడా.

పాతదే మళ్లీ వేయించాం. ఇది వాడేశారు కాబట్టి వెనక్కి తీసుకోరట.