డెస్క్‌టాప్ ఐకాన్ల కింది పేర్లు: చాన్నాళ్లు వాడాక నా సమీక్ష

ఐకాన్ల కింద ఉండే పేర్లు స్పష్టంగా కనబడాలంటే ఏం చేయాలని ఎవరైనా అడిగితే, ముందు వాల్‌పేపర్ మార్చమంటాను. ఫాంటు, సైజు, నీడ అన్నీ ఆ తర్వాతే. విండోస్ 7 రోజుల నుంచి ఇప్పటి విండోస్ 11 దాకా ఈ పేర్లను నాకు కావలసినట్టు మార్చుకుంటూ వచ్చాను. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునే పని, నడుస్తున్న ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకునే అలవాటు నాది. అందుకే ఇది నాకు అందం కోసం చేసే పని కాదు, సాయంత్రానికి కళ్లు లాగకుండా ఉండటం కోసం చేసుకునేది.

విండోస్ 7లో ఈ పని హాయిగా ఉండేది. పర్సనలైజ్‌లో విండో కలర్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్ అప్పియరెన్స్ తెరిచి, ఐటమ్ లిస్టులో ఐకాన్ ఎంచుకుంటే చాలు. ఫాంటు, సైజు, బోల్డ్ అన్నీ అక్కడే. విండోస్ 8కి వచ్చేసరికి ఫాంటు మార్చే వీలు పోయి సైజు, బోల్డ్ మాత్రం మిగిలాయి. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703లో అవీ తీసేశారు. మరుసటి ఏడాది వెర్షన్ 1809లో టెక్స్ట్ పెద్దది చేసే స్లైడర్ ఇచ్చారు. 100 నుంచి 225 శాతం దాకా జరపొచ్చు. విండోస్ 11లో అది యాక్సెసిబిలిటీ కింద టెక్స్ట్ సైజ్ అనే పేరుతో ఉంది. మంచి సదుపాయమే, కాదనను. కానీ ఐకాన్ పేర్లతో పాటు మెనూలు, టైటిల్ బార్లు కూడా పెరుగుతాయి. బాగా పెంచితే కొన్ని పాత ప్రోగ్రాముల్లో బటన్ల మీద మాటలు సగంలో తెగిపోతాయి. ఐకాన్ పేర్లకు విడిగా ఉన్న సెట్టింగ్‌ని తీసేయడం సరైన నిర్ణయం కాదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే పెద్దవయ్యేది ఐకాన్ బొమ్మే, కింద పేరు అలాగే ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోయి ఇంక దారి లేదనుకుంటారు.

దారి ఉంది. పాత సెట్టింగ్స్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ అన్నీ దాచుకునే జాబితాలో, విండోమెట్రిక్స్ అనే చోట ఇంకా పనిచేస్తున్నాయి. చేత్తో మార్చడం కష్టం, ఎందుకంటే ఫాంటు వివరాలుండే ఐకాన్‌ఫాంట్ అనే విలువ మనం నేరుగా చదవలేని బైనరీ రూపంలో ఉంటుంది. నేను వినేరో ట్వీకర్ అనే బయటి టూల్ వాడతాను. అందులో అడ్వాన్స్‌డ్ అప్పియరెన్స్ కింద ఐకాన్స్ అని ఉంటుంది. ఫాంటు, సైజు, ఐకాన్ల మధ్య ఎడం మూడూ అక్కడే మార్చుకోవచ్చు. ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రావాలి. మార్చేముందు ఆ రిజిస్ట్రీ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. స్క్రీన్ మీద అన్నిటినీ పెద్దవి చేసే డిస్‌ప్లే స్కేల్ మార్చినప్పుడు విండోస్ ఈ విలువల్ని మళ్లీ తనకు నచ్చినట్టు రాసేస్తుంది. దాచుకున్న ఫైలుంటే మళ్లీ పెట్టుకోవడం క్షణాల పని. ఇంకో సంగతి, ఈ ఫాంటు డెస్క్‌టాప్‌తో ఆగదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైళ్ల పేర్లు కూడా మారతాయి. నాకైతే అది లాభమే.

నేను స్థిరపడింది సెగో యూఐ ఫాంటులో కాస్త లావుగా ఉండే సెమీబోల్డ్, 11 పాయింట్ల దగ్గర. విస్టా నుంచి వస్తున్న మామూలు 9 పాయింట్ల సెగో యూఐ గీతలు సన్నగా ఉంటాయి. వెనక ఆకులో, గడ్డో ఉన్న ఫోటో పెడితే అక్షరం ఏదో, ఆకు అంచు ఏదో తేలదు. పూర్తి బోల్డ్ కూడా పెట్టి చూశాను. పేర్లు లావై రెండో వరుసలోకి జారి, చుక్కలతో తెగిపోతున్నాయి. సెమీబోల్డ్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

తెలుగు పేర్ల దగ్గర సైజు, ఎడం రెండూ చాలా ముఖ్యం. సెగో యూఐలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి విండోస్ వాటిని నిర్మలా యూఐ అనే ఫాంటుతో చూపిస్తుంది. 'శాస్త్రీయ సంగీతం' అని నాకో ఫోల్డర్ ఉంది. 9 పాయింట్ల దగ్గర 'స్త్రీ'లోని గుడి దీర్ఘం, త వత్తు, ర వత్తు అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లటి ముద్దలా కనిపించేది. 11 దగ్గర మూడూ విడివిడిగా తేలాయి. పేరు పొడవై రెండు వరుసలు పట్టినప్పుడు కింది ఐకాన్‌కి దూరం ఉండేలా నిలువు ఎడం కూడా పెంచాను. రిజిస్ట్రీలో ఆ విలువ మామూలుగా -1125 ఉంటుంది, నేను -1500 పెట్టుకున్నాను. ఎంత మైనస్‌లోకి వెళ్తే అంత ఎడం.

ఇక నీడ. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్ తెరిస్తే, డెస్క్‌టాప్ ఐకాన్ పేర్లకు డ్రాప్ షాడో అనే టిక్కు ఉంటుంది. కంప్యూటర్ వేగం పెరగాలని అక్కడ అన్ని టిక్కులూ తీసేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఈ ఒక్కటి ఉంచండి. తెల్లటి అక్షరం పక్కన ఆ నల్లటి అంచు లేకపోతే లేత రంగు ఆకాశం మీద పేరు మాయమైపోతుంది. అయితే నీడ ఉన్నా తెల్లటి మేఘం మీద చదవడం కష్టమే. అక్షరం రంగు ఎంచుకునే సెట్టింగ్ విండోస్‌లో ఎక్కడా లేదు, అది నిజంగా పెద్ద లోటు. కాంట్రాస్ట్ థీమ్స్‌లో రంగులు మార్చుకోవచ్చు గానీ దాంతో స్క్రీన్ మొత్తం రూపమే మారిపోతుంది. చూపు తగ్గినవాళ్లకు అవి ఎంతో అవసరం. కేవలం పేర్ల కోసమైతే అంత దూరం వెళ్లక్కర్లేదు.

అందుకే వాల్‌పేపర్ సంగతి ముందు చెప్పాను. ఐకాన్లు ఎడమవైపు ఉంటాయి కాబట్టి, ఎడమ సగం ముదురుగా, నునుపుగా ఉండి, చూడాల్సింది కుడివైపు ఉన్న ఫోటోలే ఎంచుకుంటాను. రాత్రి కొండలు, లోతు నీళ్లు, ఒకే రంగు గోడ బాగా పనికొస్తాయి. స్లైడ్‌షో మాత్రం పెట్టను, ఏ ఫోటోకి ఏ పేరు కనబడకుండా పోతుందో చెప్పలేం.

మ్యాక్‌ని కూడా కొన్నాళ్లు వాడాను. అక్కడ డెస్క్‌టాప్ మీద కమాండ్, జె నొక్కితే అన్నీ ఒకేచోట వస్తాయి. అక్షరాల సైజు 10 నుంచి 16 దాకా, గ్రిడ్ ఎడం, పేరు కిందా లేక కుడిపక్కనా అన్నది కూడా. కుడిపక్కన పెట్టడం నాకు బాగా నచ్చింది, తెలుగు పేర్లకు మరీ అనుకూలం. పొడవైన పేరుని మ్యాక్ మధ్యలో కత్తిరిస్తుంది కాబట్టి చివరున్న తేదీ, వెర్షన్ నంబరు కనబడతాయి. విండోస్ చివర కత్తిరిస్తుంది, సరిగ్గా అవే పోతాయి. లినక్స్‌లో కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ అయితే పేరు ఎన్ని వరుసలు చూపించాలో మనమే చెప్పొచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్‌లో ఐకాన్ పేర్లకు విడిగా సైజు ఇవ్వొచ్చు. విండోస్‌లో నేను బయటి టూల్ పెట్టుకుని చేస్తున్నది అక్కడ మామూలు సెట్టింగ్.

విండోస్ చివర కత్తిరిస్తుంది కాబట్టి తేదీని పేరు మొదట్లోనే రాస్తాను. ఎఫ్2 నొక్కి ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటిగా అలా మార్చాను. ఇప్పుడు ఏది కొత్త ఫైలో తెలుసుకోవడానికి ప్రతిదాని మీదా క్లిక్ చేసి పూర్తి పేరు చూడాల్సిన పని లేదు.