ట్రైలర్ టైర్లకు డయల్ గేజీ: మూడు వరి కోతల తరువాత

విడవలూరు పక్క పల్లెలో మాకు ఒక ట్రాక్టరు, రెండు చక్రాల ట్రైలర్ ఉన్నాయి. వాటి టైర్లలో గాలి చూసుకోవడానికి కొన్న డయల్ గేజీకి ఇది మూడో వరి కోత. కొన్న కొత్తలో కనిపించిన ప్రతివారికీ దీన్ని కొనమని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, అప్పటి ధీమాతో మాత్రం ఇప్పుడు చెప్పలేను.

నాకు దీనిలో నచ్చింది గాలి వదిలే చిన్న బొత్తాం. నాజిల్ వాల్వు మీదే ఉంచి, ముల్లును చూస్తూ, గాలిని పౌండు పౌండుగా తగ్గించుకోవచ్చు. నన్ను ముంచింది కూడా అదే.

నిరుడు ఏప్రిల్‌లో మూడు పుట్ల వడ్లు, అంటే మా లెక్కలో 2,550 కిలోలు, 75 కిలోల బస్తాలు 34, కోవూరు దగ్గర మిల్లుకు తోలాను. అక్కడ మధ్యాహ్నం వరుసలో నిలబడి, పొద్దు పోక గేజీ పెట్టి చూస్తే, ఉదయం 50 పౌండ్లు పెట్టిన టైర్లలో ముల్లు 57 చూపింది. పొద్దున పొరపాటు చేశాననుకొని, రెండు టైర్లనూ శ్రద్ధగా 50కి దించాను. ఎండకూ పరుగుకూ లోపలి గాలి కాగి ఒత్తిడి పెరిగిందనీ, 50 అన్న లెక్క చల్లారిన టైరుకేననీ అప్పటికి నాకు తెలియదు. రాత్రి చల్లారాక వాటిలో 44 పౌండ్లకు మించి మిగిలి ఉండదు. పైగా ఎడమ టైరు వాల్వుకు మూత పెట్టడం మరిచాను. పిన్ను దగ్గర ఇసుక నలక ఇరుక్కొని, అక్కడ గాలి సన్నగా పోతూనే ఉంది.

నిన్ననే చూశాను కదా అని మర్నాడు గేజీ తీయకుండానే మళ్లీ మూడు పుట్లూ ఎత్తించాను. సగం దారిలో ట్రైలర్ ఎడమకు గుంజడం, రబ్బరు కమిలిన వాసన, ఆ వెంటనే పెద్ద చప్పుడు. బస్తాలన్నీ రోడ్డు పక్కన దించి, స్పేర్ టైరు వేయించేసరికి సాయంత్రమైంది. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ పక్కగోడ దగ్గర నలిగి, ఆ నలుగుడుకే వేడెక్కి చినిగిందని పంక్చర్ కొట్టు పెద్దాయన వేలు పెట్టి చూపించాడు. “కాకమీదుండే టైరుకి ఎవరన్నా గాలి తీస్తారానా?” అన్నాడు. గేజీతో వచ్చిన కాగితంలో ఈ ఒక్క ముక్క అచ్చు వేసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు అదే బొత్తాన్ని మరోలా వాడుతున్నాను. మా ఇంటికి పంక్చర్ కొట్టు దూరం. అక్కడికి వెళ్లేసరికే టైరు వేడెక్కుతుంది కాబట్టి, కొట్టులో కావలసినదానికన్నా ఎక్కువ కొట్టించి, మర్నాడు ఉదయం బండి కదలక ముందే చల్లటి టైరును సరిగ్గా 50కి దించుతాను. ఇంతకన్నా సుళువైన పద్ధతి నాకు దొరకలేదు.

ట్రాక్టరు వెనక టైర్ల విషయంలో మాత్రం మునుపటి మెప్పును కొంత తగ్గించుకోవాలి. వాటికి కావలసింది పన్నెండు, పద్నాలుగు పౌండ్లే. వంద వరకూ గీతలున్న ఈ డయల్‌లో అంత అడుగున ముల్లును నమ్మలేము. బరువు కోసం ఆ టైర్లలో నీళ్లు నింపి ఉంచాము కూడా. వాల్వు పైకి వచ్చేలా చక్రం నిలపకుండా ఒకసారి గేజీ పెడితే, నీళ్లు లోపలికి చిమ్మి, ముల్లు కొన్నాళ్లు 8 దగ్గరే అతుక్కుపోయింది.

ఏడాదికి రెండు కోతలు, మిల్లు దాకా ప్రయాణం, ఒకే ట్రైలర్ ఉన్న నాలాంటివారికి ఇది సరిపోతుంది. చీమకుర్తి వైపు రోజూ రాయి తోలేవారి బరువులకు పనికొస్తుందో లేదో వారే చెప్పాలి. వెనక టైర్ల కోసం ముప్పై పౌండ్ల వరకే గీతలున్న చిన్న గేజీ ఒకటి ఈ నెలలో తెచ్చుకున్నాను. దానికి ఇంకా నీళ్లు తగలలేదు.