రొయ్యల కౌంట్ లెక్కకు పైటార్చ్: నాలుగేళ్ల వాడకం తరువాత

భీమవరం దగ్గరి మా ఊళ్లో వనామీ రొయ్యల ఫోటోలను బట్టి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) అంచనా వేసే చిన్న ప్రోగ్రామును నాలుగేళ్లుగా, కృత్రిమ మేధ మోడళ్లను తయారు చేసి నడిపే పైటార్చ్ అనే సాఫ్ట్‌వేర్ మీదే నడుపుతున్నాను. పని విషయంలో దానికి వంక పెట్టలేను. చెరువు గట్టు మీద పాత ల్యాప్‌టాప్‌లోనైనా ఫలితం వెంటనే వస్తుంది. నా అసంతృప్తి అంతా భద్రత గురించే.

పైటార్చ్ మోడల్ ఫైలు (శిక్షణలో నేర్చుకున్నది దాచే ఫైలు) పైకి అంకెల మూటలా కనిపించినా, మామూలుగా దానిని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని పికిల్ పద్ధతిలో భద్రపరుస్తారు. పికిల్ ఫైలును తెరవడమంటే అందులో రాసిపెట్టిన ఆదేశాలను నడపడమే కనుక, దానిలో ఎవరైనా దాచిన కోడ్, మనం తెరిచిన క్షణంలోనే, మన కంప్యూటరులో మనకున్న అధికారాలన్నిటితో నడిచిపోగలదు. రోగాలున్నాయేమో చూసే పీసీఆర్ పరీక్ష చేయించకుండా సీడ్‌ను (రొయ్య పిల్లలను) చెరువులో వదలని నేను, ముఖపరిచయం లేనివారి మోడళ్లను మాత్రం, రైతుల బ్యాంకు వివరాలున్న ల్యాప్‌టాప్‌లోనే రెండేళ్లపాటు నిశ్చింతగా తెరిచాను.

మోడల్‌లోని అంకెలను మాత్రమే చదివి, మిగతా కోడ్‌ను అడ్డుకునే వెయిట్స్ ఓన్లీ అనే సెట్టింగ్ దీనికి విరుగుడు. 2025 జనవరిలో వచ్చిన 2.6 వెర్షన్ నుంచి అది దానంతటదే అమలవుతుంది. అయితే ఆ సెట్టింగ్ పెట్టుకున్నా 2.5.1, అంతకు ముందరి వెర్షన్లలో కోడ్ నడిపించే దారి మిగిలే ఉందని సీవీఈ-2025-32434 అనే నంబరుతో నమోదైన భద్రతా లోపం బయటపెట్టింది; అంటే నేను భరోసాగా ఉన్న కాలమంతా ఆ భరోసాకు ఆధారం లేదన్నమాట. వెర్షన్ మార్చగానే, మొత్తం మోడల్‌గా భద్రపరచిన నా పాత ఫైళ్లు తెరుచుకోలేదు. వాటిని సేఫ్‌టెన్సర్స్ అనే వేరే ఫైలు పద్ధతిలోకి మార్చడానికి రెండు రాత్రులు పట్టింది. అందులో అంకెలూ వాటి వివరాలూ తప్ప నడిచే కోడ్‌కు చోటే లేదు కనుక ఆ శ్రమకు విచారించలేదు.

ఇంటర్నెట్ నుంచి దించుకుని వాడే ప్యాకేజీల (ఇతరులు రాసిపెట్టిన కోడ్) సంగతి వేరే తలనొప్పి. రొయ్యలను గుర్తించడానికి నేను వాడే అల్ట్రాలిటిక్స్ అనే ప్యాకేజీలో, 2024 డిసెంబరులో విడుదలైన 8.3.41, 8.3.42 వెర్షన్లలోకి, దాని విడుదల ప్రక్రియలో చొరబడిన దుండగులు క్రిప్టో మైనింగ్ ప్రోగ్రామును (మన కంప్యూటరును వాడుకుని వాళ్లకు క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టేది) చొప్పించారు. నేను తప్పించుకోవడంలో నా తెలివేమీ లేదు. చెరువులో రొయ్యల పట్టుబడి పనుల్లో పడి ఆ వారం అప్‌డేట్ చేయలేదు. అప్పటి నుంచి వెర్షన్ నంబర్లను హ్యాష్‌లతో (ఫైలు మారితే పట్టిచ్చే గుర్తింపు సంకేతాలతో) సహా బిగించి ఉంచుతున్నాను.

పైటార్చ్‌ను వదిలే ఉద్దేశం లేదు. ఎవరు తయారు చేశారో తెలియని ఒక పాత పికిల్ మోడల్ మాత్రం ఇంకా నా దగ్గర ఉంది. దానిని ఇంటర్నెట్ లేని, ఖాళీ చేసిన కంప్యూటరులోనే తెరుస్తున్నాను.